రెండు తీగల నడుమ ఖాళీ: ఒక మోటర్ వైండర్ ప్రాజెక్టు డైరీ

జనవరి 4, ఆదివారం

హనుమకొండలో నాకు చిన్న వైండింగ్ షాపు ఉంది. పదహారేళ్లుగా మోటర్లు, స్టెబిలైజర్లు, వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు చుడుతున్నాను. కరెంటు అంటే ఏందని గిరాకీ ఎవరన్నా అడిగితే ఇన్నేళ్లూ ఒకటే చెప్పాను. పైపుల నీళ్ల లెక్క అన్నమాట: వోల్టేజి అంటే ఒత్తిడి, ఆంపియర్లు అంటే పారుదల, తీగ అంటే పైపు. పాలిటెక్నిక్‌లో మాకూ అట్లనే చెప్పారు.

నిన్న ఒక వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, వార్నిష్ ఆరినంక మెగ్గర్ (ఇన్సులేషన్ గట్టిగా ఉందా లేదా కొలిచే మీటరు) పెట్టాను. ప్రైమరీకీ (సప్లై ఇచ్చే చుట్టు) సెకండరీకీ (కరెంటు తీసుకునే చుట్టు) మధ్య 200 మెగా ఓమ్‌ల పైన చూపించింది. అంటే రెండు చుట్ల మధ్య కరెంటు దాటడానికి పోగంత దారి కూడా లేదు. ఉంటే నేనే విప్పి మళ్లీ చుట్టేవాణ్ని. ఆ తర్వాత సప్లై ఇచ్చి రాడ్డు తాకిస్తే ఇనుము కరిగింది. ఈ పని వందల సార్లు చేశాను. నిన్న మాత్రం చేతిలో హోల్డర్ పట్టుకొని నిలబడిపోయాను. ప్రైమరీ తీగలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్ కూడా సెకండరీలోకి దాటదు. దాటకుండా నేనే కాగితాలు పెట్టి, టేపు చుట్టి, వార్నిష్ పోశాను. మరి ఇనుమును కరిగించిన శక్తి ఎటు నుంచి వచ్చింది? పైపు అక్కడ తెగిపోయే ఉంది కదా.

శక్తి తీగ లోపల పోతుందా, తీగ బయట పోతుందా అన్నది నా చేతులతో, నా కళ్లతో తేల్చుకోవాలని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను.

జనవరి 7

రెండు రోజులు పాత పుస్తకాలు తిరగేశాను. ఇంగ్లాండులో జాన్ హెన్రీ పాయింటింగ్ అనే ఆయన 1884లోనే దీనికి లెక్క కట్టాడు. ఒక చోట విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఉండి, ఒకదానికొకటి అడ్డంగా ఉంటే, ఆ రెండింటికీ లంబంగా శక్తి పారుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా పారుదల ఉండదు. ఆయన లెక్క ప్రకారం బ్యాటరీ నుంచి బల్బుకు శక్తి పోయేది తీగల చుట్టూ ఉన్న జాగాలోంచి. తీగలు దానికి దారి చూపిస్తాయి. తీగ లోపలికి దిగే కాస్త శక్తి తీగను వేడి చేయడానికే ఖర్చవుతుంది.

ఇది చదివినంక షాపులో బల్ల మీదున్న సామాను కొత్తగా కనబడింది. తీగను ముట్టకుండానే పీప్ పీప్ మని మోగే పెన్ను టెస్టర్ ఉంది. అది పసిగట్టేది విద్యుత్ క్షేత్రాన్ని. టాంగ్ టెస్టర్ ఉంది. తీగ చుట్టూ దవడలు మూస్తే ఆంపియర్లు చెప్తుంది. అది చూసేది అయస్కాంత క్షేత్రాన్ని. రెండూ తీగ బయటే పనిచేస్తాయి, రెండూ రోజూ నా జేబులోనే తిరుగుతున్నాయి.

బోర్డు మీద బల్బు స్విచ్ తీసేసి స్విచ్ దాకా వచ్చే ఫేజు తీగ దగ్గర పెన్ను పెట్టాను. మోగింది. టాంగ్ టెస్టర్ మాత్రం సున్నా. స్విచ్ వేశాను. ఈసారి పెన్నూ మోగింది, టాంగ్ టెస్టరూ అంకె చూపించింది, బల్బూ వెలిగింది.

అటక మీద పాత చక్రం మీటరు ఒకటి ఉంటే దించి మూత విప్పాను. అల్యూమినియం పళ్లేనికి ఒక పక్క సన్న తీగతో వేల చుట్ల వోల్టేజి కాయిల్, ఇంకో పక్క లావు తీగతో కొన్ని చుట్ల కరెంటు కాయిల్. రెండు క్షేత్రాలూ కలిస్తేనే పళ్లెం తిరుగుతుంది, ఒక్కదానికి తిరగదు. పాయింటింగ్ కాగితం మీద చేసిన గుణకారాన్ని ఈ డబ్బా మన ఇండ్ల గోడల మీద ఏండ్ల తరబడి చేసింది. ఆ కాయిళ్లు నేను ఎన్నో చూశాను. రెండు ఎందుకు పెట్టారని మాత్రం ఎన్నడూ అడగలేదు.

జనవరి 11, ఆదివారం

బల్ల మీద చూసింది నాకు చాలలేదు. క్షేత్రాలు బయట ఉన్నాయని తెలిసింది, సరే. కానీ శక్తి ఆ దారినే వచ్చిందని ఎట్లా తేలాలి? లోడుకు, అంటే కరెంటు వాడుకునే సామానుకు, తీగ వెంబడి దూరం చాలా, ఖాళీలో దూరం కొంచెం ఉండేటట్టు సర్క్యూట్ కట్టాలి. రెండు దారులకూ పట్టే కాలం వేరు కాబట్టి ఏది ముందొస్తుందో చూడొచ్చు.

తమ్ముడు పరకాల దగ్గర మా ఊర్లో ఇల్లు కడుతున్నాడు. వైరింగుకు తెచ్చిన 1.5 చదరపు మిల్లీమీటర్ల చుట్టలు రెండు, ఎర్రదొకటి నల్లదొకటి, వాడి దగ్గర ఉన్నాయి. ఒక్కోటి 90 మీటర్లు. "అన్నా, నడిమికి ఒక్క కోత, అంతకంటే ఎక్కువ కోసినవనుకో మేస్త్రీకి నువ్వే జవాబు చెప్పాలె" అన్నాడు. ఒక్క కోత చాలు.

కట్టే పద్ధతి ఇది. ఎర్ర తీగను 90 మీటర్లూ నిటారుగా గుంజి, సరిగ్గా మధ్యలో కోసి అక్కడ బ్యాటరీ, స్విచ్ పెట్టాలి. దానికి ఒక మీటరు దూరంలో సమాంతరంగా నల్ల తీగ. దాన్ని కూడా మధ్యలో కోసి లోడు పెట్టాలి. రెండు చివర్లలో ఎర్రనూ నల్లనూ కలపాలి. అప్పుడు బ్యాటరీకీ లోడుకూ నడుమ గాలిలో దూరం ఒక్క మీటరు. తీగ పట్టుకొని పోతే 45 మీటర్లు పోయి 45 మీటర్లు రావాలి. వెలుతురు వేగంతో లెక్కిస్తే ఒక మీటరుకు 3 నానో సెకండ్ల పైచిలుకు, 90 మీటర్లకు 300 నానో సెకండ్లు. ఒక నానో సెకండు అంటే సెకండులో వంద కోట్లవ వంతు.

బోర్డులు రిపేరు చేసే దోస్తు ఒకడు 100 మెగాహెర్ట్‌జ్ ఆసిలోస్కోపు ఇచ్చాడు. వోల్టేజి క్షణక్షణం ఎట్లా మారుతుందో తెర మీద గీతగా చూపించే యంత్రం అది. ఈ నెల 28 నుంచి 31 దాకా మేడారం జాతర, కుటుంబంతో పోతున్నాడు. "జాతర నుంచి అచ్చినంక తీస్కుంట, అందాక నీ దగ్గర్నే ఉండనియ్" అన్నాడు. అంటే ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నాకు గడువు.

సామాను తయారు చేసుకుంటూ నేర్చుకున్నవి రాసి పెడుతున్నాను, ఇది కట్టాలనుకునే వాళ్లకు పనికొస్తాయి. లోడుకు 1000 ఓమ్‌ల కార్బన్ రెసిస్టరే పెట్టాలి. తీగ చుట్టిన రెసిస్టరు అదే ఒక కాయిల్ కాబట్టి లెక్క చెడగొడుతుంది. గోడ స్విచ్ బదులు గాజు గొట్టంలో ఉండే రీడ్ స్విచ్ తీసుకున్నాను. అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున కలుస్తుంది. కలిసినంక ఒకటి రెండు సార్లు ఎగిరిపడుతుంది కానీ అది మైక్రో సెకండ్ల లెక్క, మనం చూసే కాలం అంతకుముందే అయిపోతుంది. బ్యాటరీ పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేశాను, ఎందుకంటే బ్యాటరీ లోపలి పలకలు, దాని తీగలు ఇంత తొందరగా కరెంటు ఇవ్వలేవు.

జనవరి 16, కనుమ

పొద్దున్నే చెల్కకు పోయాం. పత్తి కట్టె పీకేసి ఉంది, వంద మీటర్లకు పైన అడ్డం లేదు. టమాట పందిరికి తెచ్చిన ఎండు వెదురు బొంగులు ఐదేసి మీటర్లకు ఒకటి పాతి, నడుమెత్తులో తీగలు కట్టాం. ఒక చివర బావి వైపు, ఇంకో చివర చింతచెట్టు వైపు. బాపు గొంగడి కప్పుకొని గెట్టు మీద కూర్చొని చూస్తున్నాడు.

స్కోపును ట్రాక్టర్ బ్యాటరీ మీద చిన్న ఇన్వర్టర్‌తో నడిపాను. దాని కొలత తీగలు, అంటే ప్రోబులు, ఒకటి స్విచ్ దగ్గర, ఒకటి లోడు దగ్గర. అయస్కాంతం తెచ్చాను. తెర మీద గీత చప్పున లేచింది. తమ్ముడు కేక వేశాడు, నేనూ వేశాను. ఫోటో కూడా తీశాను.

తర్వాత ఎందుకో అనుమానం వచ్చి బావి వైపు తీగను మొత్తంగా విప్పేశాను. లోడు మీద 12.6 వోల్టులు అట్లనే నిలబడి ఉన్నాయి! సగం సర్క్యూట్ లేకున్నా పనిచేస్తే అది నేను కట్టిన సర్క్యూట్ కాదు. గంటసేపు వెతికితే దొరికింది. ఆ స్కోపు రెండు ఛానళ్ల గ్రౌండ్ క్లిప్పులు లోపల ఒక్కటే. ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి లోడు ఒక కొనకు పెట్టాను, అంటే స్కోపే ఒక మీటరు తీగలాగా రెండింటినీ కలిపేసింది. ఆ ఫోటో తీసేశాను. ఆ రోజు ఇంకేం తేలలేదు. ఇంట్లో సకినాలు తిని పడుకున్నా కూడా మనసు చెల్కల్నే ఉంది.

జనవరి 18, ఆదివారం

గ్రౌండ్ క్లిప్పులు రెండూ తీసేశాను. రెండు ప్రోబు కొనలను లోడుకు చెరో వైపు పెట్టి, మొదటి ఛానల్‌లోంచి రెండోది తీసివేసి చూపించమని స్కోపుకు చెప్పాను. ట్రిగ్గర్ 'సింగిల్' మీద పెట్టాను, అంటే గీతను ఒక్కసారి పట్టి తెర మీద ఆపేటట్టు.

తెర మీద కనిపించింది ఇది: గీత సున్నా నుంచి 2 వోల్టుల పైచిలుకు లేచింది, అక్కడ గట్టు కట్టినట్టు నిలిచింది. సరిగ్గా 310 నానో సెకండ్లకు ఇంకో పెద్ద మెట్టు, 9 వోల్టుల దాకా. తర్వాత రెండు మూడు ఊపులు ఊగి 12.6 మీద కుదురుకుంది.

రెండో మెట్టు తీగ చివర్ల దాకా పోయి వచ్చిన వార్త. తీగ మీద పీవీసీ తొడుగు ఉంటుంది కాబట్టి వేగం వెలుతురు కంటే మూడు నాలుగు శాతం తగ్గుతుంది. 300 బదులు 310 రావడం అందుకే. నమ్మకం కుదరడానికి రెండు తీగలనూ చివర్ల బదులు సగం దూరంలోనే, తొడుగు గీకి కలిపి చూశాను. మెట్టు 155 దగ్గరికి జరిగింది. (గీకిన చోట్లకు టేపు చుట్టాను, తమ్ముడికి చెప్పే చేశాను.)

మొదటి మెట్టు మాత్రం చివర్ల దాకా పోయి రాలేదు. ఒక ప్రోబును స్విచ్ దగ్గరికి మార్చి, కొన మాత్రమే తాకించి చూస్తే, స్విచ్ కలవడానికీ లోడు లేవడానికీ తేడా 5 నానో సెకండ్ల లోపే. నా స్కోపు అంతకంటే సన్నగా చూపించదు. అది చాలు. తీగ దారిన వచ్చి ఉంటే 300 కావాలి.

కానీ ఎత్తు కుదరలేదు. రెండు సమాంతర తీగల జంటకు తనదైన ఇంపిడెన్స్ (దాని వెంట పోయే అలకు అది చూపే అడ్డు) ఒకటి ఉంటుంది. తీగ లావు, నడుమ దూరం బట్టి లెక్కిస్తే నా జంటకు సుమారు 845 ఓమ్‌లు. ఎడమ జంట, కుడి జంట, నడుమ వెయ్యి ఓమ్‌ల లోడు, మూడూ వరుసగా ఉన్నట్టు. ఆ లెక్కన లోడుకు 4.7 వోల్టులు రావాలి. నాకు వచ్చింది అందులో సగం కూడా కాదు. ఆ తేడా ఎటుపోయింది?

జనవరి 22

నాలుగు రాత్రులు కూర్చుంటే తేడా దొరికింది. ఎర్ర తీగలో ఎంత కరెంటు అటు పోతే నల్ల తీగలో అంతే ఇటు వస్తుందని నా లెక్క అనుకుంది. కానీ బ్యాటరీ ఒక్క ఎర్ర తీగలోనే ఉంది. ఆ మొదటి 300 నానో సెకండ్లలో రెండు తీగలూ కలిసి ఒకే వైపు కరెంటు మోసే యాంటెన్నా లాగా కూడా పనిచేస్తాయి. ఎర్ర తీగలో కరెంటు ఎక్కువ, నల్ల తీగలో తక్కువ. ఇది కూడా కలిపి లెక్కిస్తే లోడుకు 2 వోల్టుల దగ్గరికి వచ్చింది.

సర్క్యూట్‌లో అన్ని చోట్లా కరెంటు ఒక్కటే అని నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ని. అది సర్దుకున్న తర్వాతి మాట. స్విచ్ వేసిన క్షణంలో అది నిజం కాదు. నా షాపులో స్విచ్ వేసిన ప్రతిసారీ, మోటరు తిప్పిన ప్రతిసారీ ఈ సర్దుబాటు జరుగుతూనే ఉంది.

జనవరి 25, ఆదివారం

ఈ రోజు కోసమే ఇదంతా చేశాననిపిస్తోంది. బావి వైపు, చింతచెట్టు వైపు రెండు చివర్లలోనూ కలిపిన తీగలను విడదీశాను. కొనలు గాలిలో వేలాడుతున్నాయి. సర్క్యూట్ పూర్తిగా తెగిపోయి ఉంది. మన చదువుల ప్రకారం చూస్తే స్విచ్ వేసినా లోడుకు ఏమీ రాకూడదు.

అయస్కాంతం తెచ్చాను. అదే మొదటి మెట్టు. అదే ఎత్తు, 2 వోల్టుల పైచిలుకు. అదే గట్టు, 310 నానో సెకండ్ల దాకా. చివర్లు కలిపి ఉన్నప్పటి గీతను స్కోపులో దాచి ఉంచాను, దాని మీద దీన్ని పెడితే ఆ గట్టు దగ్గర రెండు గీతలూ ఒక్కటే అయినయ్. ఆ తర్వాతే విడిపోయాయి. చివర్లు కలిపిన గీత పైకి ఎగబాకింది. చివర్లు తెగిన గీత కిందికి కూలి, సున్నా దాటి కిందికి పోయి, కాసేపు వణికి చచ్చిపోయింది.

బాపు లేచి వచ్చి తెర మీదికి వంగి చూశాడు. "తీగ కలువనే లేదు కదరా. మరి గదానికి కరెంటు ఎట్లచ్చింది?"

"తెగిందన్న ముచ్చట ఇంకా ఇక్కడిదాక అందలే బాపూ. అందేదాక బ్యాటరీ ఇస్తనే ఉంటది."

ఆయన కాసేపు ఆగి, "చెరువు తూము ఎత్తినట్టే కదా" అన్నాడు. "కాలువ కొసకు కట్ట కట్టి ఉందని నీళ్లకు మొదలే తెల్వదు. ఆడిదాక ఉరికి, గుద్దుకొని మళ్లి అస్తయి."

అల మటుకు బాపు చెప్పినట్టే. చెరువు కింద వ్యవసాయం చేసినోళ్లకు ఇది ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు. అయితే ఒకటి ఉంది. ఎర్ర తీగకూ నల్ల తీగకూ నడుమ కాలువ లేదు. ఒక మీటరు ఎండిన ఎర్రనేల, దాని మీద గాలి. లోడులో ఆ 310 నానో సెకండ్ల పాటు పడిన శక్తి ఆ గాలిలోంచి దాటి వచ్చింది. చివర్లు తెగి ఉన్నాయి కాబట్టి ఇంకో దారి లేదు. ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాను, ఏమీ తగలదు. తగలదని తెలిసీ పెట్టాను.

జనవరి 29

ఊరంతా మేడారం బాట పట్టింది, షాపుకు గిరాకీ లేదు. కూర్చొని ఎలక్ట్రాన్ల నడక లెక్క వేశాను. నా తీగలో స్థిరపడిన కరెంటు 12.6 మిల్లీ ఆంపియర్లు. రాగిలో ఘనపు మీటరుకు ఉండే స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్య, తీగ మందం పెట్టి భాగిస్తే వాటి నడక సెకండుకు 0.6 మైక్రోమీటర్లు వచ్చింది. బ్యాటరీ దగ్గర బయలుదేరిన ఎలక్ట్రాను 90 మీటర్లు నడిచి లోడు చేరడానికి నాలుగున్నర ఏండ్లు పడుతుంది. లోడు మాత్రం స్విచ్ వేసిన సెకండులోనే వేడెక్కడం మొదలైంది. ఇక మన బావి మోటర్లది ఏసీ. అక్కడ ఎలక్ట్రాన్లు సెకండుకు 50 సార్లు ఇటూ అటూ ఊగడమే తప్ప ఎటూ పోవు. 8 ఆంపియర్లు తీసే మోటరు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుంటే ఆ ఊపు ఒక్కో వైపు మైక్రోమీటరు కూడా ఉండదు. రామగుండంలో పుట్టిన ఎలక్ట్రాను మా చెల్క ముఖం ఎన్నటికీ చూడదు.

పాయింటింగ్‌కు తెలియకుండానే ఇదే సంగతి కనుక్కున్న ఇంకొకాయన ఉన్నాడు, ఆలివర్ హెవిసైడ్. పెద్ద చదువులు లేవు. పదహారేళ్లకే బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి, మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నాడు. ఈ జంట తీగల లెక్క, ఆ ఇంపిడెన్స్, చివర గుద్దుకొని మళ్లే అల, ఇవన్నీ ఆయన గట్టిపరిచినవే. ఆయనకు ముందు 1858లో అట్లాంటిక్ సముద్రం కింద తంతి వేస్తే మూడు వారాలకే పాడైంది. రాణి పంపిన వంద లోపు మాటలు చేరడానికే 16 గంటల దాకా పట్టింది. రాగి చుట్టూ ఉన్న తొడుగు, దాని బయట ఉప్పునీళ్లు కూడా వార్తను మందగింపజేసినవే. ఎక్కువ వోల్టేజి పెట్టి తోస్తే పోతుందనుకున్నారు, దానితో తొడుగే దెబ్బతిన్నది. చేతులతో తీగ పట్టుకున్న హెవిసైడ్ లాంటి మనిషి ఈ లెక్క దాకా రావడం నాకు ఎంతో గర్వంగా ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

దోస్తు సాయంత్రం స్కోపు కోసం వస్తానన్నాడు. పొద్దున ఆరింటికే చెల్కకు పోయి చివరి పరీక్ష చేశాను. శక్తి తీగల నడుమ ఖాళీలోంచే వస్తున్నదైతే ఖాళీని మారిస్తే లోడుకు వచ్చేది మారాలి. నల్ల తీగను బొంగుల మీద నుంచి విప్పి ఎర్ర తీగకు జానెడు లోపలికి, 10 సెంటీమీటర్ల దూరానికి తెచ్చి కట్టాం. అదే రాగి, అదే బ్యాటరీ, అదే లోడు. కోత కూడా కొత్తది వేయలేదు.

మొదటి మెట్టు 2 చిల్లర నుంచి 3.6 వోల్టులకు లేచింది. మూడు సార్లు చూశాను, మూడు సార్లూ అదే. రెండో మెట్టు 315 దాటింది, ఎందుకంటే తీగలు దగ్గరైన కొద్దీ పీవీసీ తొడుగు వాటా పెరిగి వేగం ఇంకాస్త తగ్గుతుంది. చివర్లు విప్పి చూసినా మొదటి మెట్టు 3.6 మీదనే ఉంది.

మధ్యాహ్నానికి బొంగులు పీకి, తీగలు చుట్టలు చుట్టాం. నాలుగు ముక్కలు, నలభై ఐదేసి మీటర్లు. గీకిన చోట్లు నాలుగూ తమ్ముడికి చూపించాను, అక్కడ కోసి జాయింటు జంక్షన్ బాక్సులో పడేటట్టు చూసుకొమ్మన్నాను. రేపు మేస్త్రీ వచ్చి ఈ ఎర్ర తీగ, ఈ నల్ల తీగ ఒకే పైపులో గుంజి గోడల్లోకి దించుతాడు. అక్కడ వాటి నడుమ దూరం రెండు తొడుగుల మందమే.